వంద దాటిన కొక్కెం

లాండ్రీ, కౌంటరు దగ్గర నుంచి
సోమవారం

అమ్మడూ,

బాగున్నావా అని తర్వాత అడుగుతాను. ముందు నా సంగతి చదువు.

మీ అక్క పెళ్ళి భోజనాల్లో నువ్వు ఒక మాట అన్నావు. "యంత్రంలో ఏ లోపమూ లేదు, పెదనాన్న వేళ్ళే లావు, ఒక మీట నొక్కబోయి రెండు నొక్కుతాడు" అన్నావు. వరసలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. వడ్డించేవాడు కూడా గరిటె పట్టుకుని నవ్వాడు. వాడికి నేనెవరో తెలియదు, నా వేళ్ళు ఎలా ఉంటాయో తెలియదు. ఆరేళ్ళయింది. ముసలాయన మరిచిపోయి ఉంటాడులే అనుకున్నావేమో. చీటీ చూడకుండా ఏ కోటు ఎవరిదో చెప్పే మనిషిని నేను. మరిచిపోవడం నాకు రాదు.

జరిగింది గుర్తుచేస్తాను. నీ చదువయ్యాక మన దుకాణంలో ఆ యంత్రం పెట్టించావు. దానికి బుర్ర నువ్వే రాశావు. పైకప్పు కింద ఎడమ వరసకి వంద కొక్కేలు, కుడి వరసకి వంద. చీటీ మీది అంకె నొక్కితే గొలుసు తిరిగి ఆ బట్టలు కౌంటరు దగ్గరికి వస్తాయి. మంచిదే, నిచ్చెన ఎక్కే బాధ తప్పింది. కొన్నాళ్ళకి ఆ బుర్ర ఉండే కరెంటు పెట్టె కాలిపోతే మార్చారు. మార్చిన వారమే లాయరుగారి నల్లకోటుకి బదులు బ్యాండు వాయించే ఆయన ఎర్రకోటు వచ్చింది, భుజాల మీద బంగారు కుచ్చులతో సహా. కవరులో ఉంది కదా, లాయరు చూసుకోలేదు. కోర్టులో విప్పాడట. నువ్వు వచ్చి పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చున్నావు. బుర్ర మళ్ళీ ఎక్కించావు. సరైపోయింది. ఎందుకు సరైందో నీకూ తెలియలేదు, నాకూ చెప్పలేదు. తప్పంతా తీసుకొచ్చి నా వేలికి తగిలించావు.

ఇప్పుడు పెట్టె మళ్ళీ కాలిపోయింది. మరమ్మతు అతను కొత్తది బిగించి వెళ్ళాడు. పాత రోగమే తిరగబెట్టింది. బట్టలు తారుమారవుతున్నాయి. మీ నాన్న ఏమన్నాడో తెలుసా. "అన్నయ్యా, వానాకాలం రద్దీ మొదలయ్యేలోగా కౌంటరు నేను తీసుకుంటా, నువ్వు ఇస్త్రీ బల్ల దగ్గర హాయిగా కూర్చో" అన్నాడు. ఇస్త్రీ బల్ల గోడవైపు ఉంటుంది. నలభై ఏళ్ళు మనుషులతో మాట్లాడిన నోరు నాది. గోడతో ఏం మాట్లాడమంటావు.

తప్పు యంత్రానిదని మీ నాన్నకి నువ్వు రాయాలి. ఫోను చెయ్యకు. కౌంటరు ఫోను మోగితే మీ నాన్న చెవి దాని పక్కనే ఉంటుంది.

బాగున్నావా.

మీ పెదనాన్న

*

ఆఫీసు, కిటికీ పక్క కుర్చీ
శుక్రవారం

పెదనాన్నా,

నేను బాగున్నాను. నీ వేళ్ళు లావే. ఆ రోజు అబద్ధం ఆడలేదు. కానీ అందరి ముందూ అని ఉండకూడదు, అది ఒప్పుకుంటాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకుండా నాకు సరిగ్గా రాయి. చీటీ మీద ఏ అంకె ఉంది, నువ్వు ఏ అంకె నొక్కావు, ఏ కొక్కెం వచ్చింది. మూడూ రాయి. ఎడమ వరసలో తప్పు వస్తోందా, కుడి వరసలోనా. నీకు తోచినది కాదు, కంటితో చూసింది రాయి. అది చూడకుండా నాన్నకి ఏమీ రాయను. నీ మీద ప్రేమ వేరు, యంత్రం వేరు.

అమ్మడు

*

లాండ్రీ
బుధవారం, బేరాలు లేని వేళ

అమ్మడూ,

మద్దెల సామెత నాకు చెప్పేంత ఎదిగావు. సంతోషం.

చూసింది రాస్తున్నాను. ఎడమ వరస బంగారం. ఒకటి నుంచి వంద దాకా ఏది నొక్కితే అదే వస్తుంది. వంద దాటామా, తలనొప్పే. నూట నలభై నాలుగు నొక్కితే నూట ముప్పై ఒకటో కొక్కెం వచ్చింది. టీచరమ్మ పట్టు దుప్పటి అడిగితే డాక్టరుగారి తెల్లకోటు. నూట అరవై నొక్కితే నూట నలభై ఏడు. ఇక నూట ఒకటి నొక్కి చూడు. గొలుసు ఆగకుండా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, మెయిన్ కట్టేసేదాకా. బట్టలన్నీ ఊరేగింపు వెళ్ళినట్టు నా తల మీంచి వెళ్ళాయి. ఒకామె తన గౌను నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ టాటా చెప్పింది.

ఇవి మొదటి రోజుల్లో జరిగినవి. ఈ మధ్య నా చేతికి అన్నీ సరిగ్గానే వస్తున్నాయి. మీ నాన్న కూర్చుంటేనే తప్పు వస్తుంది. యంత్రానికి కూడా మనిషి తెలుస్తుంది. అయినా మీ నాన్నకి నమ్మకం లేదు. నా వెనక నిలబడి నేను మీటలు నొక్కేది చూసి తల అడ్డంగా ఊపుతాడు. ఏమిట్రా అంటే "ఏం లేదన్నయ్యా" అంటాడు. ఏం లేనివాడు తలెందుకు ఊపాలి.

రాయమన్నది రాశాను. ఇప్పుడు నువ్వు రాయి.

పెదనాన్న

*

ఆఫీసు
మంగళవారం

గౌరవనీయులైన పెదనాన్నగారికి,

మీరు రాసిన ఉత్తరం అందింది. మీరు ఎంతో ఓపికగా అంకెలు రాసి పంపినందుకు కృతజ్ఞతలు. వాటిని పరిశీలిస్తున్నాను. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. ఎండలో తిరగకండి. ఎక్కువసేపు నిలబడకండి.

మీ అమ్మడు

*

లాండ్రీ
శనివారం

అమ్మడూ,

నువ్వు పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అనే అన్నావు. పలకతో నా నెత్తి పగలగొట్టినప్పుడు కూడా "నువ్వే అడ్డం వచ్చావు" అన్నావు. ఇవాళ నేను గౌరవనీయుణ్ణయ్యాను. నా ఆరోగ్యం గుర్తొచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు నువ్వు.

ఏం దొరికింది నీకు. దాచకు. ఉత్తరం వచ్చిన వెంటనే మీ పెద్దమ్మకి చదివి వినిపించాను, ఆమె కూడా "పిల్ల ఏదో చేసింది" అంది. పదేళ్ళుగా మేమిద్దరం ఒక మాట మీద ఉన్నది ఇప్పుడే.

పెదనాన్న

*

ఆఫీసు, అందరూ టీకి వెళ్ళాక
గురువారం

పెదనాన్నా,

సరే. తప్పు నాది. ముందు ఆ మాట చదివి కాసేపు ఆనందించు, తర్వాత మిగతాది చదువు.

నీ యంత్రం బుర్రని సీ అనే భాషలో రాశాను. అందులో పాయింటరు అని ఒకటుంటుంది. వేలెత్తి ఒక చోటు చూపించడం అనుకో. ఇదిగో ఈ వరస మొదలు అని చూపించి, అక్కణ్ణుంచి ఇన్ని గళ్ళు జరుగు అంటే అది జరుగుతుంది. ఏ కొక్కేనికి గొలుసు ఎంత తిరగాలో ఆ గడిలో రాసి ఉంటుంది. ఎడమ వరసకి వంద గళ్ళు పెట్టాను, కుడి వరసకి విడిగా ఇంకో వంద. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఏ అంకె నొక్కినా ఎడమ వరస మొదట్లోనే వేలు పెట్టి లెక్కించమన్నాను. వంద అయిపోతే పక్కనే కుడి వరస ఉంటుందిలే అనుకున్నాను. ఉంది కూడా. కానీ ఉంటుందని నాకు ఎవరూ మాట ఇవ్వలేదు. పెట్టె మారినప్పుడు బుర్రలో సామాను సర్దుడు మారుతుంది. ఈసారి రెండు వరసల మధ్య పదమూడు గళ్ళ వేరే సామాను వచ్చి కూర్చుంది. అందుకే నీకు కుడి వరసలో అన్నీ పదమూడు వెనక్కి వచ్చాయి. ఆ పదమూడులో వేలు పడితే అక్కడున్న చెత్తని చదివి గొలుసు గిరగిరా తిరిగింది.

మా భాషలో దీనికి కచ్చితమైన నియమం ఉంది. ఒక వరసలో మొదలైన వేలు ఆ వరసలోనే తిరగాలి. చివరి గడి దాటి ఒక్క గడి వరకు చూపించవచ్చు, అదీ ఇక్కడితో అయిపోయింది అని తెలుసుకోవడానికే. అక్కడ చెయ్యి పెట్టి తీయకూడదు. ఇంకా అవతలికి చూపించడమే తప్పు, తీసినా తీయకపోయినా. రెండు వేరు వేరు వరసల్లో రెండు వేళ్ళు పెట్టి మధ్య దూరం కొలవడం కూడా తప్పే.

దాటితే ఏమవుతుంది అంటావు. ఏమైనా కావచ్చు. ఏమవుతుందో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. ఎర్రకోటు రావచ్చు, గొలుసు ఆగకపోవచ్చు. అన్నిటికన్నా చెడ్డది ఏమిటంటే, సరిగ్గానే రావచ్చు. అప్పుడు తప్పు చేశామని మనకి తెలియనే తెలియదు. ఆరేళ్ళ కిందట అదే జరిగింది. నేను మళ్ళీ ఎక్కించేసరికి మధ్య సామాను ఎటో సర్దుకుంది. నేనే బాగుచేశాననుకుని భోజనాల దగ్గర డప్పు కొట్టుకున్నాను.

ఇప్పుడు మార్చి రాశాను. వంద లోపైతే ఎడమ వరస మొదటి నుంచి, దాటితే కుడి వరస మొదటి నుంచి. రెండు వందలు దాటితే అలాంటి కొక్కెం లేదని చెప్తుంది. మరమ్మతు అతనికి పంపాను, వచ్చి ఎక్కిస్తాడు. నాన్నకి కూడా విడిగా రాశాను. పెదనాన్న వేలు తప్పు కాదు, నా వేలు తప్పు అని.

అమ్మడు

*

లాండ్రీ
బుధవారం

అమ్మడూ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. మీ నాన్న తనది కౌంటరు దగ్గరే నిలబడి చదివాడు. చదివి "సారీ అన్నయ్యా" అన్నాడు. ఇంకోసారి అనమన్నాను, మీ పెద్దమ్మకి వినబడాలని. అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఈ దుకాణానికి నేనే యజమాని. సరిగ్గా రావడం అన్నిటికన్నా చెడ్డదట, అది మాత్రం నాకు ఎక్కలేదు. అంత చదివితే గాని అలాంటి మాట పుట్టదు.

మధ్యాహ్నం మరమ్మతు అతను వచ్చాడు. నీ కొత్త బుర్ర ఎక్కించి వెళ్ళాడు. అక్కణ్ణుంచి నా నాశనం మొదలైంది. ఇన్నాళ్ళూ నా చేతికి పువ్వుల్లో పెట్టినట్టు వచ్చిన బట్టలు, వంద దాటినవి ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. పోస్టుమాస్టరు ప్యాంటుకి స్కూలు బృందం డాన్సు లంగా. నూట తొంభైల చీటీలకైతే మీటల పైనున్న అద్దం మీద "లేదు" అని ముఖం మీద కొట్టినట్టు వస్తుంది. ఆ బట్టలు నా కళ్ళెదురుగా వేలాడుతున్నాయి. లేదట.

మీ నాన్న వెనకే నిలబడి చూశాడు. సారీ వెనక్కి తీసుకున్నట్టుంది, నోటితో అనలేదు గాని మొహంతో తీసేసుకున్నాడు. "అన్నయ్యా, చీటీలో నూట నలభై నాలుగుంటే నువ్వు నూట యాభై ఏడు నొక్కుతావేమిటి. మొదటి నుంచీ చూస్తున్నా" అన్నాడు.

నొక్కుతాను. పదమూడు కలిపి నొక్కుతాను. వంద దాటితే పదమూడు కలపాలి, అది ఈ యంత్రం పద్ధతి. నువ్వు కాయితం మీద కనిపెట్టావు, నేను కౌంటరు దగ్గర నిలబడి తిట్లు తింటూ కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి. చెప్తే మీ నాన్నకి కూడా సరిగ్గా వస్తాయి, అప్పుడు నేనెందుకు కౌంటరు దగ్గర. నా వేలికి అది అలవాటైపోయింది. పనిలో పడితే అదే కలుపుకుంటుంది.

నువ్వు నన్ను అడగకుండా నా పదమూడు తీసేశావు. తిరిగి పెట్టు.

మీ నాన్న చివరి మాట చెప్పాడు. ఇంకొక్కసారి ఒకరి బట్టలు ఇంకొకరికి వెళ్తే ఇస్త్రీ బల్లే.

పెదనాన్న

*

ఆఫీసు
సోమవారం

పెదనాన్నా,

నీ ఉత్తరం చదివి తల బల్లకేసి కొట్టుకున్నాను. పక్క సీటు అమ్మాయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నేను అడిగాను కదా. చీటీ మీద ఏముంది, నువ్వు ఏం నొక్కావు, ఏం వచ్చింది, మూడూ రాయమన్నాను. ఈ మధ్య సరిగ్గానే వస్తున్నాయని, యంత్రానికి మనిషి తెలుస్తుందని రాశావు. నాకు ఒళ్ళు మండదా. యంత్రానికి మనిషి తెలియదు పెదనాన్నా, దానికి నేనే తెలియదు.

పదమూడు తిరిగి పెట్టను. అది నేను పెట్టిన పద్ధతి కాదు. దారిలో ఎవరో వదిలేసిన సామాను. దాన్ని నమ్ముకుని నువ్వు కాపురం పెట్టావు. రేపు పెట్టె మళ్ళీ మారితే అది పదమూడు కాదు, ఏడో ఎనభయ్యో అయ్యేది, అప్పుడు ఏం చేసేవాడివి. నేను వంద దాటితే పక్కనే ఉంటుందని నమ్మాను, నువ్వు పదమూడు అవతల ఉంటుందని నమ్మావు. మన ఇద్దరిదీ ఒకటే రోగం. వంశంలోనే ఉంది.

చీటీలో ఏ అంకె ఉంటే అదే నొక్కు. అంతే.

నాన్నతో మళ్ళీ మాట్లాడనా.

అమ్మడు

*

లాండ్రీ, కౌంటరు దగ్గర, నా కుర్చీలో
గురువారం

అమ్మడూ,

మాట్లాడకు. నా కౌంటరు నేనే కాపాడుకున్నాను.

నువ్వు చెప్పినట్టే చీటీలో ఉన్నదే నొక్కుదామని రెండు రోజులు చూశాను. మనిషి ఊరికే నిలబడితే సరిగ్గా నొక్కుతాను. మనిషి మాట్లాడాడా, వాళ్ళ అమ్మాయి పరీక్షలెలా రాసింది అని నేను అడుగుతూ ఉంటానా, వేలు దాని పని అది చేసుకుపోతుంది. పదమూడు కలిపేస్తుంది. అలాగని మాట్లాడకుండా బట్టలిచ్చి పంపితే అది కౌంటరు కాదు, అదీ గోడే.

అందుకని మీటల పలకని విప్పి అటు తిప్పి బిగించాను. ఇప్పుడు అది బేరానికి వచ్చినవాళ్ళ వైపు ఉంది. మీ చీటీ, మీ అంకె, మీ వేలు, మీరే నొక్కుకోండి అంటాను. నొక్కుతారు. బట్టలొస్తాయి. నేను కవరు సర్ది చేతికిచ్చి, పరీక్షల సంగతి, మోకాలి నొప్పి సంగతి అడుగుతాను. తప్పు నొక్కితే వాళ్ళే నాలిక కరుచుకుంటారు. మీ నాన్న మొదట ఏదో అనబోయాడు, వరస తొందరగా కదులుతోందని చూసి నోరు మూసుకున్నాడు. ఇది నీకు తట్టలేదు, మీ నాన్నకి తట్టలేదు. రాసి పెట్టుకో.

ఇక అసలు సంగతి. మీ నాన్న కొత్త ఉతుకు యంత్రం చూడటానికి పక్క ఊరు వెళ్ళాడు, సోమవారం వస్తాడు. నిన్న పళ్ళ డాక్టరు వచ్చాడు. చీటీ పోగొట్టుకున్నాడు. అంకె గుర్తులేదట. "సున్నా నొక్కి చూద్దాం, ఏం వస్తుందో" అన్నాడు. అంత చదివిన మనిషి. నేను వద్దనే లోపు నొక్కేశాడు.

గొలుసు వెనక్కి పరిగెత్తింది. వెనక్కి. ఇన్నేళ్ళలో అది వెనక్కి తిరగడం నేను చూడలేదు, దానికి తిరగడం వచ్చని కూడా తెలియదు. ఎడమ వరస మొత్తం వచ్చిన దారినే పారిపోయింది. చొక్కాల చేతులన్నీ గాల్లోకి లేచాయి. పళ్ళ డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, రోజూ ఎదుటివాళ్ళని తెరవమనేవాడు. నేను మెయిన్ కట్టేశాను. ఏమిటిది అని అడిగాడు. నెలకోసారి దుమ్ము దులుపుతాం అని చెప్పాను. నమ్మాడు. వరసలో అతని వెనకున్న బ్యాంకు ఆమె మాత్రం నమ్మలేదు. ఆమెకి మీ నాన్న బాగా తెలుసు.

వంద దాటితే ఏమవుతుందో నాకు రెండు పేజీలు రాశావు. చివర దాటి ఒక గడి చూపించవచ్చు, చెయ్యి పెట్టకూడదు, అన్నీ చెప్పావు. మొదటి కొక్కేనికి ముందు ఏముందో ఒక్క ముక్క రాయలేదు. రెండు వందలు దాటితే లేదంటుంది నీ యంత్రం, మరి ఒకటి కన్నా తక్కువ అడిగితే ఎందుకు అనదు. అక్కడ కూడా ఒక గడి చూపించవచ్చా, చూపించకూడదా. వెనక్కి పరిగెత్తడం పద్ధతా, లేక అది కూడా ఎవరూ చెప్పలేని సంగతుల్లో ఒకటా.

సున్నా మీట మీద పట్టీ అంటించాను. అంటిస్తే నూట పది వాళ్ళు, నూట ఇరవై వాళ్ళు, వంద వాళ్ళు వరసలో నిలబడి నన్ను తిడుతున్నారు. తీసేస్తే ఇంకెవడో నొక్కుతాడు. సున్నా ఒక్కటే నొక్కకండి, పక్కన ఇంకో అంకె ఉంటే నొక్కండి అని ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది. అలా చెప్తే నొక్కనివాళ్ళు కూడా నొక్కి చూద్దామనుకుంటున్నారు.

మీ నాన్న సోమవారం పొద్దున్నే వచ్చి ముందు కౌంటరే చూస్తాడు. అప్పటికి ఈ గొలుసు ముందుకే తిరగాలి, నేను ఈ కుర్చీలోనే ఉండాలి. ఒకటికి ముందు ఏముందో కనుక్కుని, మార్చి, మరమ్మతు అతనికి పంపించి, పంపానని నాకు ఉత్తరం రాయి. గొంతు పోయింది కాబట్టి ఫోను వద్దు, ఈ ఉత్తరం తెచ్చిన రాత్రి బస్సు అతని చేతికే జవాబివ్వు. మర్యాదగా మీరు అని రాశావంటే చింపేస్తాను. ఆదివారం సాయంత్రం దాటకూడదు.

మీ పెదనాన్న